పులుపు పోయిన రక్తం

చీటీ మీద పేరు చదివి జైలోసి కళ్ళద్దాలు తీశాడు. చొక్కా అంచుతో తుడిచి పెట్టుకుని మళ్ళీ చదివాడు. జెఫానియా, కంగోమా ఊరు, వయసు యాభై ఎనిమిది. మూడు వారాలుగా వాంతులు. రక్తం తీయవలెను. కంగోమాలో ఆ పేరు గల మనిషి ఒక్కడే. పద్దెనిమిదేళ్ళుగా జైలోసి ఆ పేరు నోటితో పలకలేదు. మర్చిపోయాడని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ పొరపాటు.

సూది, గాజు గొట్టాలు, రబ్బరు పట్టీ ట్రేలో సర్దుకున్నాడు. ల్యాబు అంటే ఒక్క గది. కిటికీ దగ్గర మైక్రోస్కోపు, మూలన కిరోసిను ఫ్రిజ్జు, గోడవార రక్తాన్ని తేర్చడానికి చేత్తో తిప్పే యంత్రం, బల్ల మధ్యన ఇనుప కాలికి బిగించి నిలబెట్టిన బ్యూరెట్టు. అడుగున చిన్న కుళాయి ఉన్న ఆ సన్నటి గాజు గొట్టం మీద గీతలు వెలిసిపోయినప్పుడల్లా జైలోసే మసి దిద్దుకునేవాడు. సరస్సు ఒడ్డునున్న ఆ మిషను ఆస్పత్రికి డాక్టర్లు వచ్చారు, పోయారు. బ్యూరెట్టు పోలేదు, జైలోసి పోలేదు. అతని చదువు ఆరో తరగతి. అప్పుడప్పుడూ ఇక్కడి రక్తాన్నే పెద్ద ఊరికి కూడా పంపి, పది రోజులకు తిరిగొచ్చిన అంకెలను ఇతని అంకెల పక్కన పెట్టి చూసేవాళ్ళు. ఒకటో రెండో తేడా వచ్చేది. ఆ తేడా అవతలివాళ్ళ యంత్రానిదని జైలోసి నమ్మకం.

పన్నెండో మంచం మీద జెఫానియా ఒక దుప్పటి కింద అణిగిపోయి ఉన్నాడు. ఒకప్పుడు ఊరి సారా పందిట్లో ఆయన గొంతు సవరించుకుంటే తాగేవాళ్ళ చేతుల్లో కుండలు ఆగేవి. ఇప్పుడు పెదాలు పగిలి, కళ్ళు లోపలికి పోయి, కడుపు వెన్నుకు అంటుకుంది. మంచం పక్కన నేల మీద ఇరవై రెండేళ్ళ మనిషి ఎనామిలు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. జైలోసిని చూసి మోకాళ్ళ మీదికి లేచి, రెండు చేతులూ మెల్లగా చరిచి దండం పెట్టింది.

"బాగున్నారా నాన్నా," అంది.

దోరికా. ఏడాదికోసారి, పంట వచ్చాక, ఒక బుట్టెడు వేరుశనగలు తెచ్చి ఆస్పత్రి గేటు దగ్గర ఇచ్చి పోయే కూతురు. జైలోసి తల ఊపి మంచం అంచున కూర్చున్నాడు.

జెఫానియా కళ్ళు తెరిచి చాలాసేపు చూశాడు. "నువ్వేనా బావా. సీసాలు కడిగేవాడివి. ఇంకా ఇక్కడే ఉన్నావా?"

"సీసాలు ఇప్పుడు వేరేవాళ్ళు కడుగుతున్నారు. చెయ్యి చాపు."

రబ్బరు పట్టీ కట్టి నరం కోసం వెతికాడు. ఒంట్లో నీరు లేని మనిషికి నరం ఒక పట్టాన దొరకదు. మోచేతి మడతలో వేలితో నొక్కుతూ, వదులుతూ, ఒక నిమిషం, రెండు నిమిషాలు అయ్యాయి. అప్పుడు ఆ చెయ్యి తనంతట తాను కదిలింది. మణికట్టు లోపలికి వంగింది. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంది. నాలుగు వేళ్ళూ నిటారుగా ఒకదానికొకటి అతుక్కున్నాయి. సంకటి ముద్ద చేసి, కూర అద్దుకోవడానికి బొటనవేలితో గుంట నొక్కుతామే, అచ్చం ఆ చెయ్యి. ముద్ద ఒక్కటే లేదు.

జైలోసి పట్టీ వదులు చెయ్యలేదు. సూది దించాడు. గొట్టంలోకి నల్లటి రక్తం నెమ్మదిగా ఎక్కుతుంటే అతను రక్తం వైపు కాక ఆ చెయ్యి వైపు చూస్తూ కూర్చున్నాడు. అలాంటి చెయ్యిని అతను ఇంతకుముందు ఒకసారి చూశాడు. ఒకటి కాదు, రెండు చేతులూ. వాటిని విడదీయడానికి తెల్లవార్లూ నూనె రాసి రుద్దాడు.

"మూడు రోజులుగా ఇంతే నాన్నా," అంది దోరికా. "ఊళ్ళో చేతబడి అంటున్నారు."

"ఏం తాగుతున్నాడు?"

ఆమెకు అర్థం కాలేదు. జైలోసి మళ్ళీ అడిగాడు. గుండెలో మంట పుట్టినప్పుడు ఈయన ఏం తాగుతాడని. దోరికా చెప్పింది. బూడిదనీళ్ళు. బెండకాయ కూరలో వేసుకునేవే. చిల్లుల కుండలో చిక్కుడు పొట్టు బూడిద నింపి, పైన నీళ్ళు పోస్తే కిందికి ఎర్రగా దిగుతాయి కదా, అవి. పులుపు పైకి తన్నినప్పుడల్లా ఒక లోటా తాగితే చల్లబడేది. మొదట్లో వారానికోసారి, తర్వాత రోజూ, ఈ మూడు వారాల్లో వాంతి అయిన ప్రతిసారీ. ఊరంతా అదే చేస్తుంది కాబట్టి ఎవరూ తప్పనుకోలేదు. వాంతిలో పసరు లేదని, నిన్నటి సంకటి నిన్నటిలాగే బయటికి వస్తోందని, పళ్ళు జివ్వుమనేంత పులుపని కూడా చెప్పింది.

"వడకట్టేది నేనే," అంది చివర. గొంతు తగ్గింది.

జైలోసి జెఫానియా ఛాతీ వైపు చూశాడు. ఊపిరి నెమ్మదిగా, పైపైన ఆడుతోంది. రెండు ఊపిరుల మధ్య ఒక మాట పట్టేంత ఖాళీ ఉంది. మంచం కింద సీసాలో అడుగున కొద్దిగా ఉన్న మూత్రాన్ని కూడా ఒక గొట్టంలో పోసుకుని లేచాడు.

ఎనెలెసిని చేసుకున్నప్పుడు జైలోసి కూడా అందరు మగాళ్ళలాగే భార్య ఊరు వెళ్ళి, ఆమె వాళ్ళ నేలలో ఇల్లు కట్టాడు. ఆ ఇల్లు ఆమెది. పుట్టిన పిల్ల ఆమెది. ఆమె మీద మాట చెల్లేది ఆమె అన్న జెఫానియాకే. కంగోమాలో అల్లుడంటే పొలం దున్నడానికి, కప్పు నేయడానికి వచ్చిన మనిషి. జ్వరానికి ఆస్పత్రికి తీసుకెళ్ళాలా, నాటు వైద్యుణ్ణి పిలవాలా అన్నది అన్న నోట రావాలి. రెండో కానుపు మూడో నెలలో ఎనెలెసికి వాంతులు పట్టుకున్నాయి. ఆస్పత్రిలో సీసాలు కడుగుతూ వారానికోసారి సైకిలు మీద ఇంటికి వచ్చే జైలోసి, ఆమెను ఎక్కించుకుని తీసుకుపోతానన్నాడు. జెఫానియా ఒప్పుకోలేదు. కడుపుతో ఉన్నదాని వాంతికి ఆస్పత్రి ఏమిటన్నాడు. లోపల పులుపు ఎక్కువైంది, పులుపును బూడిద చంపుతుందన్నాడు. పన్నెండు రోజులు తాగించారు. పదమూడో రోజు ఆమె చేతులు ముడుచుకుపోయాయి. పద్నాలుగో రోజు ఒళ్ళంతా బిగుసుకుని పోయింది.

మైల తీరాక తల గొరిగించి, సారా కాచి, ఇక నువ్వు మీ ఊరు వెళ్ళొచ్చు అన్నారు. సైకిలు ఇచ్చారు, చాప ఇచ్చారు. నాలుగేళ్ళ దోరికాను ఇవ్వలేదు. అది ఆనవాయితీ, అందులో జెఫానియా కొత్తగా చేసిన అన్యాయం ఏమీ లేదు. అయినా జైలోసి ఆయన్ని క్షమించలేదు. ఆనవాయితీని పట్టుకుని కోప్పడలేం. ముఖం ఉన్నది జెఫానియాకే.

ఆ చేతులు ఎందుకు అలా అయ్యాయో అతనికి మూడేళ్ళ తర్వాత తెలిసింది. అప్పటికి ల్యాబు సిస్టర్ మార్గ్రిట్ చేతిలో ఉండేది. సీసాలు కడిగేవాడి చెయ్యి వణకదని గమనించి ఆమె బ్యూరెట్టు నేర్పింది. మొదటి నెల రక్తం ముట్టనివ్వలేదు. తిండికి ముందు ఒకసారి, తిన్న తర్వాత గంటకొకసారి తన మూత్రంలో తనే లిట్మస్ కాగితం ముంచి నోటు పుస్తకంలో అంటించమంది. తినకముందు కాగితం ఎర్రబడేది. కడుపునిండా సంకటి, చేపలు తిన్న గంటకో రెండు గంటలకో నీలంగా తిరిగేది. నెలరోజులు చూసి జైలోసి అడిగాడు, తిన్నదేమో కడుపులో పులుస్తుంటే బయటికొచ్చేది బూడిదనీళ్ళ గుణంతో ఎందుకొస్తోందని.

ఆ ప్రశ్న కోసమే నెలరోజులు ఆగానంది సిస్టర్. కడుపు పులుపును గాలిలోంచి చేయదు, రక్తంలోంచే తీస్తుంది. రక్తంలో ఉప్పు ఉంది. ఆ ఉప్పులో సగభాగం క్లోరైడు. దాన్ని కడుపు లాక్కుని పులుపు చేసుకుంటే, రక్తంలో మిగిలేది సోడా, అంటే బూడిద గుణం. అరిగాక పేగు ఆ అప్పు తీర్చేస్తుంది, రక్తం సర్దుకుంటుంది. రోజూ సరస్సు అల ఒడ్డెక్కి దిగినట్టే. వాంతి చేసుకునేవాడి సంగతి వేరు. వాడు పులుపును నేలపాలు చేస్తాడు, అది వెనక్కి రాదు. కడుపు మళ్ళీ లాగుతుంది, వాడు మళ్ళీ పారబోస్తాడు. చివరికి రక్తంలో పులుపు చేసుకోవడానికి కూడా ఏమీ మిగలదు. అప్పుడు చేతులు ముడుచుకుంటాయి.

అప్పుడు సిస్టర్ తన చెయ్యి ఎత్తి ఎలా ముడుచుకుంటాయో చూపించింది. జైలోసి లేచి బయటికి వెళ్ళి, తిరిగి వచ్చేసరికి గంట పట్టింది. ఆ రోజు నుంచి క్లోరైడు పరీక్షలో అతనికి ఎదురు లేదు.

ఇప్పుడు జెఫానియా రక్తం గడ్డకట్టాక, యంత్రాన్ని రెండు వందల చుట్లు తిప్పి, పైన తేరిన పసుపు నీటిని తీసుకున్నాడు. మాంసకృత్తు విరిచి వడగట్టి, రెండు చుక్కల రంగుమందు కలిపి, బ్యూరెట్టు కింద పెట్టాడు. పైనుంచి పాదరసపు ద్రావణం చుక్క చుక్కగా పడుతుంటే, రక్తంలో క్లోరైడు ఉన్నంతసేపూ అది ఆ చుక్కల్ని మింగేస్తుంది. అయిపోయిన మరుక్షణం నీరు వంకాయ పువ్వు రంగుకు తిరుగుతుంది. వందకు అటూ ఇటూ ఉండాల్సిన అంకె. అరవై ఆరు దగ్గర తిరిగింది. జైలోసి మళ్ళీ చేశాడు. అరవై ఆరు. అంత తక్కువ అంకె అతని చేతిలో ఎప్పుడూ రాలేదు.

చీటీ రాస్తుండగా నర్సు ఫ్రిజ్జు పక్క అలమారలో సోడా సీసాల కోసం వచ్చింది. ఎవరికని అడిగితే పన్నెండో మంచానికంది. డాక్టరుగారు మూత్రంలో కాగితం ముంచి చూశారట, ఎర్రబడిందట, అంటే ఒళ్ళంతా పులిసిపోయింది కాబట్టి సోడా డ్రిప్పు పెట్టమన్నారట. గదులన్నీ తిరిగి వచ్చాక పెడతానంది.

నర్సు సీసాలు తీసుకుని వెళ్ళిపోయింది. జైలోసి చీటీ ముందు కూర్చున్నాడు.

అతని పని అంకె రాయడం. రాసి వార్డు ట్రేలో వేయడం. ట్రేను డాక్టరు సాయంత్రం చూస్తాడు. ఈలోపు సోడా ఎక్కుతుంది. సోడాతో నిండిపోయిన రక్తానికి ఇంకా సోడా. మధ్యాహ్నానికి చేతులే కాదు, దవడ బిగుస్తుంది, ఒళ్ళు విల్లులా వంగుతుంది, గుండె ఆగుతుంది. ఎనెలెసి పోయినట్టే పోతాడు. చీటీ మీద అంకె సరిగ్గానే ఉంటుంది. జైలోసిని ఎవరూ ఏమీ అనలేరు. వేలెత్తి చూపించడానికి కూడా ఏమీ ఉండదు. పద్దెనిమిదేళ్ళలో ఇంత శుభ్రమైన అవకాశం ఎవరికీ రాదు.

కొంచెంసేపు ఆ ఆలోచనతో కూర్చున్నాడు. అది బాధ పెట్టలేదు, చల్లగానే ఉంది. కానీ కళ్ళు బల్ల మీదున్న ఆ పాత్ర మీదే ఉన్నాయి. వంకాయ పువ్వు రంగు, ఒక్క చుక్క ఎక్కువ కాదు, ఒక్క చుక్క తక్కువ కాదు. రెండుసార్లూ అదే గీత దగ్గర. ఎర్ర కాగితం ముక్క ఒకటి చూసి చెప్పిన అబద్ధం కింద ఈ నిజం ట్రేలో పడి ఉండాలి. ఆ ముసలివాడు చావడం జైలోసికి పట్టదు. తన అంకె తప్పు మందు కింద చావడం మాత్రం పట్టింది.

చీటీ, మూత్రం గొట్టం పట్టుకుని లేచాడు.

డాక్టర్ ముంతాలి సరస్సుకు ఉత్తరపు కొస మనిషి. ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. స్కాట్లండులో చదివి వచ్చి నాలుగు నెలలైంది. మంచి చెయ్యి, చురుకైన కత్తి, కోపం లేదు, కానీ చదువుకోనివాడి మాట వినే అలవాటూ లేదు. పన్నెండో మంచానికి సోడా పెట్టొద్దని జైలోసి చెబితే ఆయన చీటీ అందుకుని చూశాడు.

"అరవై ఆరా. సరిగ్గా చేశావా?"

"రెండుసార్లు."

"బ్యూరెట్టు పాతదయింది జైలోసీ."

"నేనూ పాతవాణ్ణే. తప్పు ఎవరిదో చెప్పండి, సరిచేసుకుంటాను."

ముంతాలి నవ్వాడు. ల్యాబువాళ్ళు అంకె ఇవ్వాలి గానీ మందు చెప్పకూడదన్నాడు. అయినా ఓపిగ్గా వివరించాడు. మనిషి మూడు వారాలుగా తిండి లేక ఎండిపోయాడు, ఎండిపోయిన రక్తం పులుస్తుంది, మూత్రపిండం ఆ పులుపును బయటికి తోస్తుంది, అందుకే కాగితం ఎర్రబడింది. రక్తంలో సోడా ఎక్కువై ఉంటే మూత్రపిండం ఆ సోడానే బయటికి పంపాలి కదా, కాగితం నీలం కావాలి కదా. ఇందులో తప్పేముంది?

"తప్పు లేదు. కడుపు నిండినవాడి మూత్రపిండం అలాగే చేస్తుంది." జైలోసి ఆగి, మాటలు ఏరుకున్నాడు. "కరువు ఏడాది చూశారా డాక్టరుగారూ? గింజ కోసం ఆడవాళ్ళు రోలు కూడా ఇచ్చేస్తారు. రోలు లేకపోతే రేపు దంచుకునేదెలా అని ఆలోచించరు. ఈయన ఒంట్లో ఉప్పు కరువు. మూత్రపిండం ఉన్న కాస్త ఉప్పును పట్టుకోడానికి పులుపును బయటికి ఇచ్చేస్తోంది. ఉంచుకోవలసిన పులుపును. కాగితం చూపించింది ఆ కరువును."

"నువ్వు చెప్పే కథ బాగుంది. రుజువు?"

"పులిసిన రక్తం ఉన్నవాడు రొప్పుతాడు. వెళ్ళి ఊపిరి లెక్కపెట్టండి. ఈయన నిమిషానికి తొమ్మిది. అది చాలకపోతే ల్యాబుకు రండి. మూత్రంలో ఉప్పు ఎంతుందో మీ ముందే తీస్తాను."

ముంతాలి గడియారం చూసుకున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, నర్సును కాసేపు ఆగమని చెప్పి వెంట వచ్చాడు.

జైలోసి రెండు పాత్రలు బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో జెఫానియా మూత్రం పోశాడు. రెండోది ఖాళీగా డాక్టరు చేతికిచ్చాడు.

"ఇదేమిటి?"

"పోల్చుకోడానికి బాగున్న మనిషిది కావాలి. నాది పోస్తే నేనేదో కలిపానంటారు. మీదే ఇవ్వండి."

ముంతాలి ఒక క్షణం అతని ముఖంలోకి చూసి, బయటికి వెళ్ళి పాత్రతో తిరిగొచ్చాడు. జైలోసి ముందు డాక్టరుది పెట్టాడు. రంగుమందు వేసి కుళాయి తిప్పాడు. చుక్కలు పడుతున్నాయి, మాయమవుతున్నాయి. ఇరవై, నలభై, అరవై. ముంతాలికి నిలబడి కాళ్ళు మార్చుకోవలసి వచ్చింది. నూట పదకొండో చుక్కకు రంగు తిరిగింది.

"రాత్రి ఎండుచేపలు తిన్నారు," అన్నాడు జైలోసి.

ముంతాలి కాదనలేదు.

రెండో పాత్ర పెట్టాడు. బ్యూరెట్టు మళ్ళీ నింపి గీతకు సరిచేశాడు. డాక్టరును పక్కకు రమ్మని, కుళాయి ఆయన్నే తిప్పమన్నాడు. ముంతాలి వంగి, రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా తిప్పాడు. గొట్టం చివర ఒక చుక్క ఉబ్బి, వేలాడి, పడింది.

పాత్ర మొత్తం వంకాయ పువ్వు రంగుకు తిరిగిపోయింది.

ఒక్క చుక్క. దాన్ని మింగడానికి అందులో ఒక్క ఉప్పురేణువు లేదు. ముంతాలి కుళాయి కట్టేసి చెయ్యి తీసేశాడు. చాలాసేపు ఆ పాత్రనే చూశాడు. నెలల తరబడి పుస్తకంలో చదివి పరీక్షలో రాసిన పేజీ ఏదో ఆయన కళ్ళ ముందు తెరుచుకుంటున్నట్టు జైలోసికి తెలుస్తూనే ఉంది. అతను సాయం చేయలేదు. ఆయనంతట ఆయనే చేరుకోవాలి.

"కడుపు కింది ద్వారం మూసుకుపోయింది," అన్నాడు ముంతాలి చివరికి. "పాత పుండు. అందుకే పసరు రావడం లేదు. పులుపు ఒక్కటే పోతోంది."

"అవును."

"పైగా ఈ ఊళ్ళవాళ్ళలాగే బూడిదనీళ్ళు కూడా తాగాడా?"

"రోజుకు ఆరేడు లోటాలు. చేతుల మాట మీకెవరూ చెప్పలేదా?"

"బెంగ వల్ల అన్నారు."

"పట్టీ కట్టి రెండు నిమిషాలు చూడండి."

ముంతాలి తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "నువ్వు చెప్పకపోయి ఉంటే..." అన్నాడు.

"చెప్పాను కదా."

సోడా సీసాలు అలమారకు తిరిగొచ్చాయి. పన్నెండో మంచానికి ఉప్పునీళ్ళు ఎక్కించారు. మొదటి రోజు మధ్యాహ్నానికి మూడు సీసాలు. జైలోసి పొద్దునా సాయంత్రం రక్తం తీశాడు. డెబ్భై ఒకటి. డెబ్భై తొమ్మిది. రెండో రోజు పొద్దున పట్టీ కట్టి, అవసరమున్నదానికంటే ఎక్కువసేపు ఉంచి చూశాడు. చెయ్యి చాపినట్టే పరుచుకుని ఉంది. మూడో రోజు తొంభై ఆరు. ఆ సాయంత్రం మూత్రంలో ముంచిన కాగితం నీలమైంది. నాలుగో రోజు పగలు ముంతాలి కడుపు కోసి, మూసుకుపోయిన దారి పక్కగా ఇంకో దారి కుట్టాడు. చేతులు కడుక్కుని తిన్నగా ల్యాబుకు వచ్చాడు.

"మీ బావ అట గదా. అందుకా అంత పట్టు పట్టావు?"

"కాదు."

"మరి?"

"అరవై ఆరు వచ్చింది కాబట్టి."

ముంతాలి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆ పరీక్ష తనకు మొదటి నుంచీ నేర్పమన్నాడు. జైలోసి ఆయనకు లిట్మస్ పుస్తకం, ఒక ఖాళీ సీసా ఇచ్చి, ముందు నెలరోజులు ఇవి చూసుకుని రమ్మన్నాడు. డాక్టరు నవ్వబోయి, అతను నవ్వడం లేదని చూసి, రెండూ జేబులో పెట్టుకున్నాడు.

పదకొండో రోజున జెఫానియాను ఇంటికి పంపేశారు. ఎడ్లబండి వచ్చేదాకా, రోగుల బంధువులు వంట చేసుకునే షెడ్డు పక్కన ఎండలో బల్ల మీద కూర్చున్నాడు. దోరికా మూడు రాళ్ళ పొయ్యి మీద జావ కలుపుతోంది. ల్యాబు నుంచి వస్తున్న జైలోసిని జెఫానియా పిలిచాడు. చేతులు చరిచి దండం పెట్టాడు. అల్లుడికి కంగోమాలో ఎవరూ ముందుగా దండం పెట్టరు.

"బతికించావు బావా," అన్నాడు. "డాక్టరే చెప్పాడు. మా ఊరు రా. నా గుమ్మంలో నీకు చాప వేయిస్తాను. ఊరంతా చూస్తుండగా."

జైలోసి కూర్చోలేదు. జేబులోంచి చీటీ తీసి ఆయన ఒళ్ళో పెట్టాడు.

"అరవై ఆరు. ఇది నీ అంకె. వంద ఉండాలి."

"చదవలేను."

"చదవక్కర్లేదు. నీ చేతులు ఎలా అయ్యాయో నీకు గుర్తుందిగా. అంతకుముందు అలాంటి చేతులు ఎక్కడ చూశావు?"

పొయ్యి దగ్గర తెడ్డు చప్పుడు ఆగింది.

"ఎనెలెసి అంకె ఎంతో నాకు తెలీదు," అన్నాడు జైలోసి. "ఆ రోజు ఎవరూ తీయలేదు. ఇదే అయి ఉంటుంది, లేదా ఇంకా తక్కువ. ఇదే జబ్బు. ఇవే బూడిదనీళ్ళు."

"అది కడుపుతో ఉన్నదాని వాంతి," అన్నాడు జెఫానియా. గొంతులో పాత అధికారం ఒక ముక్క మిగిలి ఉంది.

"వాంతికి తను ఎందుకొచ్చిందో తెలీదు. పులుపు పట్టుకుని పోతుంది, అంతే."

జెఫానియా చీటీని వేళ్ళతో సాపు చేశాడు. తల ఎత్తకుండా అడిగాడు. "ఇక్కడికి తెచ్చి ఉంటే?"

"ఉప్పునీళ్ళు. మూడు రోజులు."

"అంతేనా?"

"అంతే."

ముసలాయన తన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, వేళ్ళు ఒకసారి ముడిచి, చాపి చూసుకున్నాడు. పెదాలు కదిలాయి. ఆయన ఏం అడగబోతున్నాడో జైలోసికి తెలిసింది.

"అది అడగొద్దు," అన్నాడు. "నా దగ్గర లేదు."

వెనక్కి తిరిగి ల్యాబుకు నడిచాడు. బండి వచ్చిన చప్పుడు, ఎద్దుల మెడగంటలు, జెఫానియాను ఎక్కిస్తున్న మనుషుల మాటలు కిటికీలోంచి వినబడ్డాయి. బ్యూరెట్టు కడిగి బోర్లించబోతుంటే గుమ్మంలో నీడ పడింది. దోరికా. చేతులకు ఇంకా జావ పిండి ఉంది. లోపలికి రాకుండా గది అంతా కలయజూసింది.

"బండి వెళ్ళిపోతుంది," అన్నాడు జైలోసి.

"వెళ్ళనీయండి. నడిచి వస్తానన్నాను." బ్యూరెట్టు వైపు చూసింది. "మామయ్యకు ఆ నీళ్ళు నేనే వడకట్టాను. అమ్మకు ఎవరు వడకట్టారు నాన్నా?"

జైలోసి చేతిలో బ్యూరెట్టు ఆగింది. "నేను," అన్నాడు. "ఇంటికి వచ్చిన వారం, రెండు రోజులు. మీ మామయ్య చెయ్యమంటే చేశాను."

ఈ మాట అతను సిస్టర్ మార్గ్రిట్‌కు కూడా చెప్పలేదు. దోరికా గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఏడవలేదు, ఓదార్చలేదు. ఆ విషయంలో ఆమె తండ్రి కూతురే. బల్ల మీద నోటు పుస్తకం తెరిచి ఉంది. పేర్లు, పక్కన అంకెలు. మిషను బళ్ళో చదువుకున్న మనిషి కాబట్టి మొదటి పేజీకి తిప్పి, మొదటి గీత మీద తల్లి పేరు చదివింది. ఆ పేరు పక్కన అంకె లేదు. దాని కింద నుంచి పదిహేనేళ్ళ పేర్లన్నిటికీ ఉంది. ఒక్కటీ ఖాళీ లేదు, ఒక్కటీ కొట్టివేత లేదు.

"ఇవన్నీ మీరు తీసినవేనా?"

"నేనే."

"తప్పు రాలేదా ఎప్పుడూ?"

"రాలేదు," అన్నాడు జైలోసి. బోర్లించబోయిన బ్యూరెట్టును మళ్ళీ కాలికి బిగించి, గీత దాకా నింపాడు. "చేతులు కడుక్కుని రా. చూపిస్తాను."